కోటు గుంజినోడు

ఫార్మసీ కాలేజీ వెనక, నల్లా దగ్గర ఎవరో ముసలాయన నవ్య జబ్బ గట్టిగా పట్టుకుని ఉన్నాడు.

పిల్ల తెల్లకోటు ఊడి నేల మీద తడిగా పడి ఉంది. పిల్ల ఏడుస్తోంది. తూలుతోంది.

కూతురికి అన్నం డబ్బా తెచ్చిన ఆండాళ్ అది చూసి ఉరికింది. ఆ డబ్బాతోనే ఆయన వీపు మీద ఒక్కటిచ్చింది.

“ఇడువురా దొంగసచ్చినోడా! కోటు ఎందుకు గుంజినవ్?”

“కొట్టుండ్రి తల్లీ. నల్లా మాత్రం బంద్ చెయ్యకుండ్రి. ఇంకో పది నిమిషాలు చెయ్యి నీళ్లల్లనే ఉండాలె.”

“నా బిడ్డకేం చెయ్యాల్నో నువ్వు చెప్తవా?”

ఆరు నెలలుగా ఆమె భయపడుతున్నదే అయింది. ఎలుకల ముందు రెండు సీసాలు పెడతారట. ఒకదానిలో ఉత్త నీళ్లు, రెండోదానిలో పొగాకులోని నికోటిన్. ఎలుకలు దేని రుచి మరిగాయో రాసుకోవాలట. ఇదీ నవ్య చదువు! ఎలుకలకు అలవాటు చేసేవాళ్లు మనుషులకు చెయ్యరా అని ఆండాళ్ ఇంట్లో రోజూ మొత్తుకునేది.

నవ్య ఏదో చెప్పబోయింది. భళ్లున వాంతయింది.

“చూసినవా! వీడేదో తినిపించిండు!”

వాచ్‌మన్ భీమ్‌రావు ఉరికొచ్చి ముసలాయన రెక్క పట్టాడు.

“సోమవారమే చేరిండు తాయీ, ఎలుకల గదిల పనికి. పేరు మాణిక్ అంట. ఎవడో ఏమో!”

“తల్లీ, మీరన్న పట్టుకోండ్రి! నీళ్ల కిందికెల్లి తియ్యకుండ్రి!” ఈడ్చుకుపోతుంటే ముసలాయన అరిచాడు.

గేటు గదిలోకి తోసి తాళం వేశారు.

నవ్య మాత్రం తల్లి లాగినా నల్లా వదల్లేదు. స్పృహ తప్పి పడిపోయాకే ఆటో ఎక్కించారు.

ఆసుపత్రి వరండాలో ఫోన్ మోగింది. భీమ్‌రావు.

“తాయీ, వాడు వాంతులు చేసుకుంటుండు. నీళ్లు కావాల్నంట.”

“నాటకాలు! పోలీసులొచ్చేదాక తాళం తియ్యకు. చుక్క నీళ్లు ఇయ్యకు!”

అరగంటకు మళ్లీ మోగింది.

“నీళ్లు అడుగుడు బంద్ చేసిండు తాయీ.”

“మంచిగైంది. పడుండనీ.”

సాయంత్రానికి నవ్య కళ్లు తెరిచింది. అటూ ఇటూ వెతికింది.

“అమ్మా, మాణిక్ కాకా ఏడి?”

“ఆ కోటు గుంజినోడా? వాని సంగతి నేను చూస్త!”

“నీళ్లు కలపని నికోటిన్ సీసా నా చెయ్యి మీద పగిలిందమ్మా. తోలుల నుంచే లోపలికి దిగే విషమది. కాకా నన్ను రొమ్ముకు హత్తుకొని నల్లా దాక ఉరికిండు. ఆయన అంగి గూడ ఆ విషంతోని తడిసింది. ‘నువ్వు గూడ కడుక్కో కాకా’ అన్న...”

“ఏమన్నడు?”

“‘ముందు నీది కానీ బిడ్డా, నాది తర్వాత’ అన్నడు.”