హనుమంతుని పీట

రామకథ వినిపించే చోటల్లా చేతులు జోడించి, కన్నీరు నిండిన కళ్లతో కూర్చునే అంజనీసుతునికి మొదటి నమస్కారం. ఆయనను అక్కున చేర్చుకున్న సీతాపతికి మలి నమస్కారం. ఇక కథ.

మద్రాసు పేరు చెన్నైగా మారిన ఏడాది అది.

మైలాపూరులోని ఒక సభామందిరంలో ఆదికేశవ కవి శతజయంతి ఉత్సవం.

పెరంబూరులో కూలిపని చేసుకుంటూ, రామాయణాన్ని తెలుగు పద్యాలలో చెప్పిన మహానుభావుడాయన. గతించి ముప్పై ఏళ్లు దాటింది.

సభ కార్యదర్శి భాష్యం గారు రిటైరైన తెలుగు పండితులు. కవిని ఎన్నడూ కళ్లారా చూడలేదు గాని, కావ్యమంతా ఆయనకు కంఠస్థం.

కవిగారి ఫొటో ఒక్కటంటే ఒక్కటే దొరికింది. అందులో ఆయన కళ్లు విప్పార్చి పద్యం చదువుతున్నారు. ఎదురుగా ఒక ఖాళీ పీట.

ఆ పీట ఎవరిదో భాష్యం గారికి ఒకరు చెప్పనక్కరలేదు. రామాయణం చదివే చోట హనుమంతునికి పీట వేయడం పెద్దల ఆచారం.

అందుకే ఏటా జయంతినాడు ఫొటోను పెద్ద పటం చేసి వేదికపై నిలిపేవారు. ఎదురుగా ముగ్గు పెట్టించి, పీట వేయించి, తమలపాకుల దండ ఉంచేవారు.

ఈసారి కవిగారి కుమార్తె వరదలక్ష్మమ్మ తొలిసారిగా సేలం నుంచి వస్తున్నారు. ఆవిడ ముందు ఏ లోపమూ జరగరాదని భాష్యం గారి ఆరాటం.

మధ్యాహ్నం భాష్యం గారి మనవరాలు చిన్మయి వేదికపై సీతమ్మ శోకం పద్యాలు సాధన చేస్తోంది.

దండ తీసుకొని వస్తున్న భాష్యం గారు గుమ్మంలోనే ఆగిపోయారు. ఆ పిల్ల గొంతు ఎన్నడూ లేనంతగా కరిగి పారుతోంది.

ఆమె ఎవరినో చూస్తూ పాడుతోంది.

పీట మీద ఒక ముసలాయన కూర్చుని ఉన్నాడు. చేతులు జోడించి, చెంపల మీదుగా నీరు కారుతుండగా.

"ఏమయ్యా! లే, లే! ఎవరు నువ్వు?"

"మాది వ్యాసర్పాడి సామీ. పద్యం వినను వచ్చినా."

"అది ఎవరి పీటో తెలుసా?"

"తెలుసు సామీ." ముసలాయన నవ్వాడు.

"తెలిసీ కూర్చున్నావా? హనుమంతుల వారు వేంచేసే చోటయ్యా అది!"

ఆ నవ్వు ఆగిపోయింది. పీట వంక ఒక్క క్షణం వింతగా చూసి, తటాలున లేచాడు. భుజం మీది తుండుతో పీట తుడిచి, ఆ తుండును కళ్లకద్దుకున్నాడు.

"ఆంజనేయరా! అట్లయితే నేను కూర్చోకూడదు సామీ. తప్పు."

"వెనక కుర్చీలున్నాయి. అక్కడ కూర్చో."

"ఆడనుంచి పాప మొగం కనపడదు సామీ. ఈడ ఓరంగా, కింద..."

"కింద పిల్లలు కోలాటం ఆడాలి. ఇంతకీ నువ్వు తెలుగువాడివేనా?"

"తమిళమే సామీ. విని విని తెలుగు వచ్చింది."

"బాగుంది! తెలియని పద్యానికి ఈ కన్నీళ్లొకటా!"

ముసలాయన ఏమీ అనుకోలేదు. వేదికపై ఫొటోను తలెత్తి చూశాడు.

"పటం కొంచెం ఒరిగింది, ఇల్లయా సామీ?"

భాష్యం గారు కంగారుగా పటం వైపు తిరిగారు. అది నిటారుగానే ఉంది.

"కళ్లజోడు మార్పించుకో పెద్దాయనా," అన్నారు.

"సరి సామీ." అతడు వెనక్కి నడిచి చివరి కుర్చీలో కూర్చున్నాడు.

సాయంత్రానికి సభ నిండింది. కోలాటం రక్తి కట్టింది. హరికథకు చప్పట్లు మోగాయి.

తర్వాత చిన్మయి లేచింది. పీట వైపు చూసింది. తమలపాకుల దండ తప్ప అక్కడేమీ లేదు.

యతిప్రాసలు తప్పలేదు, రాగం తప్పలేదు. కాని పద్యం పద్యంలాగే ఉండిపోయింది. ఒక్క కన్నూ చెమర్చలేదు.

దిగి వచ్చి నెమ్మదిగా అడిగింది. "తాతయ్యా, ఆ పీట మీది తాత ఏరీ?"

భాష్యం గారు వెనక్కి చూశారు. చివరి కుర్చీ ఖాళీగా ఉంది.

రైలు ఆలస్యమై, వరదలక్ష్మమ్మ అప్పుడే వచ్చారు. భాష్యం గారు ఎదురేగి, ఆవిడను సగర్వంగా పీట వద్దకు తీసుకొచ్చారు.

"చూశారా తల్లీ, నాన్నగారి సంప్రదాయం! హనుమంతుల వారి పీట. దీనిమీద నరమానవుణ్ణి కూర్చోనివ్వం."

ఆవిడ ముఖం చిన్నబోయింది.

"హనుమంతుడికని మీకెవరు చెప్పారండీ? నాన్నకు నడివయసులోనే చెవుడు వచ్చింది. తన పద్యం తనకే వినపడేది కాదు. తోటి పనివాడు కన్నియప్పన్ మామ ఎదురుగా ఈ పీట మీద కూర్చునేవాడు. ఆయన కళ్లు తడిస్తే పద్యం నిలిచేది. లేకపోతే నాన్న చించి పారేసేవారు."

భాష్యం గారు మళ్లీ ఆ చివరి కుర్చీ వంక చూశారు.

"ఆయనది... ఏ ఊరమ్మా?"

"వ్యాసర్పాడి. నాన్న పోయాక అక్కడే వేరే వీధికి ఇల్లు మారారట. ఎంత వెతికించినా జాడ తెలియలేదు. ఇవాళ పేపర్లో చూసి వస్తాడేమోనని ఒక ఆశ."

భాష్యం గారు చెప్పులైనా వేసుకోకుండా వీధిలోకి పరుగెత్తారు. పూలబుట్టలు, రిక్షాలు, గుడి నుంచి తిరిగివచ్చే జనం. ఆ తుండు భుజం ఎక్కడా లేదు.

తిరిగివచ్చి పటం ముందు నిలబడ్డారు. మునిగేవాడు గడ్డిపరక కోసం చూసినట్టు ఆ ఖాళీ పీటను చూశారు.

"మరి ఈ ఫొటోలో పీట మీద ఎవరూ లేరే తల్లీ!"

"ఎలా ఉంటాడండీ?" అన్నారావిడ. "కెమెరా పట్టుకుని లేచింది ఆయనే కదా; చెయ్యి వణికి నాన్న బొమ్మ కాస్త ఒరిగి పడిందని, ఎప్పుడూ అదే బాధ ఆయనకు."

ఈ కథ విన్నవారందరి గుమ్మంలోకి అటువంటి శ్రోత ఒక్కడైనా రావాలనీ, వచ్చిన వేళ పీట వేసి కూర్చోబెట్టే భాగ్యం వారికి కలగాలనీ, ఆ సీతాపతి దీవించుగాక.