వణకని చెయ్యి

“కళ్ళు మూసుకుంటే కుదరదు నాన్నా,” అంది కూతురు. అప్పటికే బడి బట్టలు వేసుకుని, జడలు వేయించుకుని సిద్ధంగా ఉంది.

అతను కళ్ళు తెరిచాడు. చేతిలోని ఇన్సులిన్ పెన్ను చివర సూది మెరిసింది. మళ్ళీ మూసుకున్నాడు. తల మీద ఫ్యాను గిర్రున తిరుగుతూనే ఉంది, నుదుటి మీద చెమట కారుతూనే ఉంది.

చూసేవాళ్ళకు నవ్వొచ్చే సంగతే. అతని పని ఎత్తయిన భవనాలకు బయటివైపు రంగులు వెయ్యడం. తాడుకు కట్టిన పీట మీద కూర్చుని, కింద బస్సులు అగ్గిపెట్టెల్లా కనిపించే ఎత్తులో, ఈల వేసుకుంటూ బ్రష్షు ఆడిస్తాడు. తోటివాళ్ళు ముద్దుగా సాలీడు అంటారు. కిటికీల చుట్టూ సన్నగా అంచుగీత గీయాలంటే మేస్త్రీ అతన్నే పిలుస్తాడు. గాలికి పీట ఊగినా గీత వంకర పోదు. అలాంటి మనిషికి వెంట్రుకంత సూదిని చూస్తే కాళ్ళూ చేతులూ ఆడవు.

నాలుగు నెలల కిందట డాక్టరమ్మ జబ్బు పేరు చెప్పినప్పుడు, అతను ఆసుపత్రి వరండాలో గోడకు ఆనుకుని వెక్కివెక్కి ఏడ్చాడు. ఇది మొదటి రకం షుగరు, ఒంట్లో ఇన్సులిన్ తయారవడం ఆగిపోయింది, ఇక ఎప్పటికీ బయటినుంచి ఎక్కించాల్సిందే, తీపి తిన్నందువల్ల వచ్చింది కాదు, ఇందులో ఎవరి తప్పూ లేదు అని ఆవిడ ఓపిగ్గా చెప్పింది. అయినా అతను ఆ రోజే టీలో చక్కెర మానేశాడు. ఎవరు చెప్పినా వినలేదు.

అప్పటినుంచీ సూది వేసే పని భార్యదే. ఆవిడ బట్టలు కుట్టే కంపెనీలో పనిచేస్తుంది. సూపర్‌వైజరు శిక్షణకు వారం రోజులు వేరే ఊరు రమ్మని పై ఆఫీసువాళ్ళు కబురు పంపితే రెండుసార్లు వదులుకుంది. ఇది మూడోసారి. ఇప్పుడూ కాదంటే ఇంకొకరికి ఇచ్చేస్తామన్నారు. రెండుసార్లూ అడ్డుపడింది తన పిరికితనమేనని అతనికి తెలుసు. ఆ సిగ్గు అతన్ని లోలోపల తినేస్తోంది.

గుమ్మం పక్కన సర్దిన బ్యాగు ఉంది. ఆవిడ ఇందాకే పెన్నుకు సూది బిగించి, ఎంత మందు ఎక్కాలో చూసి ఆ అంకెకు తిప్పి అతని చేతికిచ్చింది. పొట్ట మీద చోటు కూడా దూదితో తుడిచి పెట్టింది.

“నేను ముట్టుకోను. ఇవాళ మీ చెయ్యి ఆడితే బస్సెక్కుతాను. లేదంటే బ్యాగు విప్పేస్తాను,” అంది. కోపంగా అనలేదు. అది ఇంకా కష్టంగా ఉంది అతనికి.

మంచం మీది నుంచి అతని తల్లి అందుకుంది. ఇంటా వంటా లేని జబ్బు ఎక్కడినుంచి వచ్చిపడిందో అని కాసేపు, నీకేం ఖర్మరా అని కాసేపు నొచ్చుకుంది. తనకు చూపు ఆనితే తనే వేసేదాన్నంది. బల్ల మీద రొట్టె, గుడ్డు చల్లారిపోతున్నాయి. సూది పడితేగానీ ఆ పళ్ళెం మీద మూత తీయకూడదు.

అతను పెన్ను ముందుకు తెచ్చాడు. చెయ్యి గడగడా వణికింది. వెనక్కి తీసుకున్నాడు. నిన్నంతా స్పాంజి ముక్క మీద పొడిచి పొడిచి నేర్చుకున్నాడు. స్పాంజి దగ్గర ఏ బెంగా లేకపోయింది.

“నొప్పి పుడితేనో?” అన్నాడు నెమ్మదిగా.

“పుట్టదు. చీమ కుట్టినట్టుంటుంది, అంతే,” అంది కూతురు.

“అన్నీ తెలిసిన డాక్టరమ్మ వచ్చిందండీ,” అని నవ్వింది నాయనమ్మ.

కూతురు నవ్వలేదు. తండ్రికి ఇంకాస్త దగ్గరగా జరిగింది. “నాన్నా, పైన వేలాడుతూ గీత గీసేటప్పుడు ఏం చేస్తావు?”

“ఏం చేస్తాను... ఊపిరి నిండా పీలుస్తాను. మెల్లగా వదులుతూ గీస్తాను.”

“కిందికి చూస్తావా?”

“చూడను. గీతనే చూస్తాను.”

“మరైతే ఇప్పుడూ గీతే గియ్యి.”

అతను కూతురి ముఖంలోకి చూశాడు. ఆ కళ్ళలో భయం మచ్చుకైనా లేదు. గుండెల నిండా ఊపిరి పీల్చుకున్నాడు. మెల్లగా వదిలాడు. వదులుతూ ఉండగానే చెయ్యి ముందుకు వెళ్ళింది, తిన్నగా, పన్నెండో అంతస్తు కిటికీ అంచు మీద బ్రష్షు నడిచినట్టు. సూది దిగింది. బొటనవేలితో మీట చివరిదాకా నొక్కాడు. కూతురు పైకి వినబడేలా పది దాకా లెక్కపెట్టింది. అతను పెన్ను వెనక్కి తీశాడు. రక్తం చుక్కయినా రాలేదు.

అతను తన చేతిని తిప్పి తిప్పి చూసుకున్నాడు. అది వణకడం లేదు. భార్య కొంగుతో కళ్ళు ఒత్తుకుని, వెళ్ళి బ్యాగు భుజానికి తగిలించుకుంది. మంచం మీది ముసలావిడ ఏమైందిరా, పడిందా అని అడుగుతోంది. పడిందమ్మా, నేనే వేశాను అని అతను వీధి చివరిదాకా వినబడేంత గట్టిగా చెప్పాడు. ఎత్తయిన భవనం మొత్తానికి ఒక్కడే రంగు వేసి దిగిన రోజున కూడా అతనికి ఇంత గర్వం కలగలేదు.

ఆ తరువాత గొంతు తగ్గించి, నిజం చెప్పు అన్నట్టు కూతురి వైపు చూశాడు.

“అస్సలు నొప్పి పుట్టలేదు నాన్నా,” అంటూ కూతురు తన పొట్ట మీదికి చొక్కా దించుకుంది.