చేదుదుంప పేజీ

“మళ్లీ తీసేశాడమ్మా!”

నెట్ సెంటర్ నుంచి వస్తూనే బిందుమాధవి పుస్తకాలు బల్లమీద విసిరేసింది.

సత్యకుమారి చేతిలోని పప్పు పొట్లం అలాగే ఆగిపోయింది. చోడవరం నుంచి వచ్చి పాడేరులో కిరాణా కొట్టు పెట్టి పదేళ్లయింది. ఈ పదేళ్లలో ఆమె భయపడని రోజు లేదు. ఒళ్లు వెచ్చబడితే మలేరియా. జీపు ఆలస్యమైతే లోయ.

“ఎవుడే? ఏటి తీసేశాడు?”

“నెట్‌లో తెలుగు విజ్ఞాన సర్వస్వం ఉందని చెప్పానే! ఎవరైనా రాయొచ్చు, ఎవరైనా దిద్దొచ్చు అని. అందులో మన కొండల చేదుదుంప మీద పేజీ పెట్టాను. ‘ఈ దుంపను ఉడికించి, ఉప్పూకారం అద్దుకుని తింటారు’ అని రాశాను. ఆ ఒక్క ముక్కే తీసేస్తున్నాడు. నేను పెట్టడం, వాడు తీసెయ్యడం. ఇది నాలుగోసారి.”

“ఎవుడు పడితే ఆడు తీసేత్తే ఊరుకుంటారేటే?”

“ఆధారం చూపించినవాళ్ల మాట ఉంచుతారమ్మా. నేను చూపించాను, మన సంత మీద పత్రికలో వచ్చిన వ్యాసం. వాడు ఏదీ చూపించడు. పేరు కూడా ఉండదు, ఏ కంప్యూటర్ నుంచి దిద్దాడో ఆ అంకెలే. బుధవారం కాలేజీ ప్రదర్శనలో ఈ పేజీ పెట్టాలి. అప్పటికి వాడు ఉంచడు!”

పేరు లేని మగాడు. తన కూతురు రాసిందే వెతికి వెతికి చెరిపేస్తున్నాడు. సత్యకుమారికి ఒళ్లు మండిపోయింది. ఆ మంట కింద భయం. వాడికి ఇల్లు కూడా తెలుసేమో! పిల్ల వెనకాల తిరుగుతున్నాడేమో!

తిన్నగా నెట్ సెంటర్‌కి పోయింది.

సెంటర్ నడిపే ప్రశాంత్ ఆ పేజీ తెరిచి, అంకెలు చూసి తల గోక్కున్నాడు. “ఇయి మన సెంటర్‌వే పిన్నీ. ఇక్కడ కూకునే ఎవులో సేత్తన్నారు. ఎక్కువగా సంతరోజునే.”

సంతరోజున కొట్టు మొగుడికి వదిలేసి, సెంటర్ గుమ్మంలో కాపు కాసింది సత్యకుమారి.

మధ్యాహ్నం మూల కంప్యూటర్ ముందు ఒక మనిషి కూర్చున్నాడు. కాళ్లకి ఎర్రమట్టి. భుజాన గొంగళి. ఒళ్లో మడతకాగితం చూసుకుంటూ, ఒంటివేలితో ఒక్కో అక్షరం వెతుక్కుంటున్నాడు.

తెరమీద చేదుదుంప బొమ్మ.

“దొరికావురా! నీ పేరేటి?”

అతను ఉలిక్కిపడి లేచాడు. “సోంబరు, అమ్మా.”

“నా కూతురు నీకేటి సేసిందిరా?”

“ఆ పాప ఎవులో నాకు తెల్దమ్మా. మా ఊరి మేస్టారు ఈ పేజీ సూపించాడు. ఆ ముక్క ఇక్కడుండకూడదు. ఒక్క మాట ఇను...”

“ఇనీదేటి! నా గుంట సదూకున్నాది. ఆధారం సూపించి రాసింది. నీకాడుందేటి ఆధారం?”

సోంబరు ఒళ్లోంచి జారిన కాగితం తీసుకున్నాడు.

“ఉందమ్మా,” అన్నాడు మెల్లగా. “అదే రాత్తన్నాను. నాకు బేగి రాయడం రాదు.”

ఆమె ఆ కాగితం లాగేసుకుంది. “పోలీసులకిత్తాను! లెగు ఇక్కణ్నించి!”

జనం మూగారు. ప్రశాంత్ అతని రెక్క పట్టుకుని బయటికి నడిపించాడు. “మళ్లీ ఈ గుమ్మం ఎక్కకు.”

సోంబరు మెట్లమీద నిలబడి ఆమె చేతిలోని కాగితం వైపే చూశాడు. “అది సదవమ్మా,” అని, గొంగళి సర్దుకుని వెళ్లిపోయాడు.

సత్యకుమారి చదవలేదు. అందులో పిల్ల పేరుంటే? పాడు మాటలుంటే? మొగుడు చూస్తే పిల్ల చదువు మానిపించేస్తాడు. విప్పకుండానే బియ్యం డబ్బా కింద దాచేసింది.

ఆ తర్వాత పేజీని ఎవరూ ముట్టుకోలేదు. బుధవారం ప్రదర్శనలో దానికి బహుమతి వచ్చింది.

తరవాతి సంతలో సత్యకుమారి పచ్చి దుంపలు కొంది. అమ్మే ముసలామె ఏదో చెప్పబోయింది.

“ఎలా వండాలో మాకు తెలుసులే! కంప్యూటర్లో ఉంది.”

ఉడికించింది. ఉప్పూకారం కలిపింది. తనకి శుక్రవారం ఉపవాసం. బిందు రెండు ముక్కలు తిని, “చేదమ్మా, నీ వంటలాగే!” అని నవ్వింది.

గంట తిరక్కుండా వాంతులు. మాట ముద్దయిపోయింది. కళ్లు తేలేసింది.

ఆసుపత్రిలో నర్సు సోములమ్మ ఒకటే అడిగింది. “వాగులో వేశారా?”

“లేదమ్మా... ఉడకబెట్టాను.”

“మా కొండల్లో సంటిపిల్లలకి కూడా తెలుసు! కోసి, ఉడకబెట్టి, మూడు రోజులు పారే నీళ్లలో ఉంచితేగానీ దాని విషం పోదు. సంతలో మీరు తినీది వాగులోంచి తీసింది! ఉడికిత్తే సాలని ఎవులు సెప్పారు మీకు?”



నాలుగో రోజున బిందు లేచి నడిచింది. తల్లీకూతుళ్లు ఇంటికి వెళ్లి, కాళ్లు కడుక్కుని, వెంటనే నెట్ సెంటర్‌కి వచ్చారు.

“ఆ సోంబరు వచ్చాడేట్రా?”

“మళ్లీ రాలేదు పిన్నీ.”

“ఎలాగొత్తాడ్రా? గుమ్మం ఎక్కొద్దన్నావు కదా!” అని విరుచుకుపడింది. ప్రశాంత్ తల దించుకున్నాడు. అతనిచేత ఆ మాట అనిపించింది తనే. ఆ కోపం తీర్చుకోవడానికి ఎదుట ఇంకెవరూ లేరు.

బిందు తన వాక్యం తనే చెరిపేసింది. వాగు సంగతి రాసింది. ఆగింది.

“ఆధారం కావాలమ్మా. ఆ పత్రిక వ్యాసంలో వాగు ముక్కే లేదు. ఏం రాయను?”

సత్యకుమారి బియ్యం డబ్బా కిందనుంచి తెచ్చిన కాగితం బొడ్లోంచి తీసి, మొదటిసారి విప్పింది. వంకర అక్షరాలు. పైన అంతా నర్సు చెప్పిన మాటే. అడుగున ఒక్క వరస.

‘ఆధారం: నా కూతురు కనక, మూడో తరగతి చదివేది, హాస్టల్లో కొత్త వంటాయన వాగులో వెయ్యకుండా ఉడకబెట్టి పెట్టాడు.’