పక్క సీటు

"ఇంత పెద్ద కారుకి రెండే సీట్లా సార్? చుట్టాలొస్తే డిక్కీలో కూర్చోబెడతారా?"

సీట్ల మేస్త్రి నవ్వుతూనే అడిగాడు. కళ్లు మాత్రం కారు ఎర్రరంగు మీదే ఉన్నాయి.

షెడ్డులోకి ఎర్ర కారు ఏది వచ్చినా అతని చూపు అలాగే మారిపోతుంది. తొమ్మిదేళ్లుగా అంతే.

"స్పోర్ట్స్ కారు కదా, ఇంతే," అన్నాడు దాన్ని తెచ్చినాయన. మాసిన గడ్డం, నలిగిన చొక్కా. "సెకండ్ హ్యాండ్‌లో కొన్నది. లోపలంతా పాడైపోయింది, చూడండి."

మేస్త్రి తల దూర్చి చూశాడు. పైకప్పు గుడ్డ ఊడి వేలాడుతోంది. తలుపుల లోపలి తొడుగు పెచ్చులు లేచింది. డ్యాష్‌బోర్డు ఎండకి బీటలిచ్చింది.

"అన్నీ మార్చెయ్యండి. ఈ పక్క సీటు తోలు మాత్రం మార్చొద్దు. ఊడిన కుట్లు వేస్తే చాలు."

"ఇంత గుంట పడిపోయింది కదా సార్! గుంటలు పూడ్చడానికేగా మేమున్నది?"

"అది మా ఆవిడ కూర్చున్న గుంట. పోయిన నెలే పోయింది."

మేస్త్రి నాలుక కరుచుకున్నాడు.

"దాని జోలికి వెళ్లను సార్." మాట మార్చడానికన్నట్టు అడిగాడు. "బండి కొని ఎన్నాళ్లయింది?"

"పదకొండేళ్లు. ఇంకెవరి చేతికీ ఇచ్చింది లేదు."

మర్నాడు మేస్త్రి సీట్లు విప్పాడు. పక్క సీటు కింద, దుమ్ములో ఏదో మెరిసింది. తీసి తుడిచాడు.

ఇత్తడి వేలితొడుగు. కుట్టేటప్పుడు సూది గుచ్చుకోకుండా పెట్టుకునేది. వేలు లావని ఒక పక్క చీల్చి, అంచు సుత్తితో కొట్టి మడిచి ఉంది.

అలా మడుచుకునే మనిషి అతనికి తెలిసి ఒక్కడే. తన తండ్రి.

తొమ్మిదేళ్ల కిందట ఓ వాన సాయంత్రం, పని ముగించుకొని వస్తున్న తండ్రిని ఏదో బండి గుద్దింది. ఎవరో తెచ్చి ఆస్పత్రి గుమ్మంలో దించి, పేరైనా చెప్పకుండా పారిపోయారు. "ఎర్ర కారు, నేలకి అతుక్కుపోయినట్టుంది" అన్నాడు వాచ్‌మన్. తండ్రి బతికాడు. కుట్టే చెయ్యి మాత్రం మళ్లీ లేవలేదు.

ఆనాటి నుంచీ మేస్త్రి రోజూ దేవుడి పటం ముందు దీపం పెట్టి ఒక్కటే అడిగేవాడు. "వాణ్ణి ఒక్కసారి నా చేతికి చిక్కించు స్వామీ."

చిక్కించాడు.

షెడ్డు మూల స్టూలు మీద కూర్చున్న తండ్రి ఒళ్లో ఆ తొడుగు పెట్టాడు. "దొరికాడు నాన్నా."

ముసలాయన ఎడమ చేత్తో దాన్ని తిప్పి తిప్పి చూసుకున్నాడు. "నాకు ఆ రోజు సంగతి ఒక్కటీ గుర్తులేదురా. ముందు ఆయన్ని అడుగు."

"అడగడానికేముంది? ఏ తప్పూ లేకపోతే ఎందుకు పారిపోతాడు?"

"ఆ మాటే అడగరా."

మేస్త్రి అడగలేదు. తండ్రి భోజనానికి ఇంటికి వెళ్లేదాకా ఆగి, కత్తి తీశాడు. పక్క సీటుని కుట్టు వెంబడి కాదు, అడ్డదిడ్డంగా కోశాడు. ఇరవయ్యేళ్ల పనిలో తోలును అలా కొయ్యడం అదే మొదలు. ముక్కలూ, గుంట పడిన ఫోమూ షెడ్డు వెనక డ్రమ్ములో వేసి నిప్పు పెట్టాడు.

"మా నాన్న చెయ్యి తీసుకున్నావు. నీకు మిగిలిందేదో అది నేను తీసుకున్నాను," అనుకున్నాడు.

ఆ సీటుకి గట్టి ఫోమ్ కూరి, చవకరకం నల్ల రెక్సిన్ బిగించాడు. మిగతా పనంతా వంక పెట్టడానికి లేకుండా చేశాడు. అటు చూసి మురిసిపోవాలి, ఇటు చూసి ఏడవాలి.

నాలుగో రోజు ఆయన వచ్చాడు. కారులో కూర్చుని పైకప్పు చూశాడు, తలుపులు తడిమాడు.

"ఎంత బాగా చేశారండీ!"

పక్కకి తిరిగాడు. చెయ్యి గాల్లోనే ఆగిపోయింది.

"తోలేదీ?"

"కాల్చేశాను."

"కాల్చేశారా?"

మేస్త్రి ఇత్తడి తొడుగు ఆయన ఒళ్లోకి విసిరాడు. "ఇది ఆ సీటు కిందే దొరికింది. మా నాన్నది. ఇప్పుడు గుర్తొచ్చిందా?"

ఆయన దాన్ని వేళ్ల మధ్య తిప్పి చూశాడు. ముఖంలో కోపం రావాలి, భయమైనా కనబడాలి. రెండూ రాలేదు.

"ఆ పెద్దాయన... బతికాడా?"

మేస్త్రి తొమ్మిదేళ్లుగా కూడబెట్టుకున్న తిట్లలో ఈ ప్రశ్నకు పనికొచ్చేది ఒక్కటీ లేదు.

మూలనుంచి తండ్రి లేచి వచ్చాడు. "నేనే బాబూ. నిక్షేపంలా ఉన్నాను."

ఆయన గబగబా కారు దిగి, ముసలాయన చచ్చుబడిన చేతిని రెండు చేతుల్లోకి తీసుకున్నాడు. "లారీ కొట్టి పోయిందండీ. మేం వచ్చేసరికి మీరు రోడ్డు పక్కన పడి ఉన్నారు. రెండో రోజు ఆస్పత్రికి వచ్చి అడిగాం. ఇంకో ఆస్పత్రికి పంపేశామన్నారు. పేరు తెలీదు. ఎక్కడని వెతుకుతాం?"

"మరి ఆ రోజు ఎందుకు పారిపోయారు?" అడిగాడు మేస్త్రి.

"పారిపోలేదు బాబూ, వచ్చిన దారినే వెనక్కి పరుగెత్తాను. రెండే సీట్లు కదా. నాన్నగారిని ఎక్కించాలంటే ఒకరు దిగాలి. నేను దిగుతానంటూ తనే దిగేసింది. ఆ వానలో, మనిషి జాడ లేని రోడ్డు మీద ఒక్కతే నిలబడి ఉంది."

తండ్రి ఎడమ చెయ్యి ఎత్తి నుదుటికి ఆనించుకున్నాడు. "ఎవరు బాబూ ఆ తల్లి?"

ఆయన కారులోకి వంగి, కొత్త రెక్సిన్ మీద అరచెయ్యి ఆనించి, గుంట ఉండాల్సిన చోటు కోసం తడుముకుంటూ ఉండిపోయాడు.