మొదటి పేరు

ఆసుపత్రి హాల్లో స్పీకరు ఒక పేరు పిలిచింది.

ఒక ముసలావిడ లేచి లోపలికి వెళ్ళింది.

పేర్లు పిలిచే ప్రోగ్రాం రాసిన అమ్మాయి హమ్మయ్య అనుకుంది.

కొత్త కంప్యూటర్ భాష నేర్చుకుని ఆమె రాసిన మొదటి ప్రోగ్రాం అది. ఈ రోజే పరీక్ష. ఒంటిగంట దాకా తప్పు లేకుండా పేర్లు పిలిస్తే ఉద్యోగం ఖాయం. లేకపోతే ఇంటికే.

ముందు వరుసలోంచి ఒకాయన లేచి వచ్చాడు. చొక్కా నిండా గ్రీజు మరకలు. లారీ నడిపే మనిషి.

“అమ్మా, నా పేరు రాలేదు.”

“వస్తుందండీ, కూర్చోండి.”

“అందరికంటే నేనే ముందొచ్చాను తల్లీ. తలుపు కూడా తియ్యలేదప్పటికి.”

“అందరూ అదే అంటారు బాబాయ్. కంప్యూటర్‌కి మొహమాటం ఉండదు.”

పక్కనున్న గుమాస్తా నవ్వాడు. “ఇంతకీ జబ్బేంటి? తొందర జబ్బా?”

“జబ్బేం లేదు బాబూ. డాక్టరుగారు రమ్మన్నారు.”

“జబ్బు లేకుండా ఆసుపత్రికెందుకొచ్చావయ్యా? షికారుకా?”

హాలంతా నవ్వింది. ఆయనా నవ్వేసి వెళ్ళి కూర్చున్నాడు.

పక్కన ఒక తల్లి చేతుల్లో మొహం దాచుకుని ఉంది. కూతురు ఆపరేషన్ గదిలో ఉంది. ఆయన తన నీళ్ళ సీసా ఆమె చేతికిచ్చాడు.

పదకొండింటికి మళ్ళీ వచ్చాడు.

“బండి రోడ్డు మీద పెట్టొచ్చాను తల్లీ. సరుకు సాయంత్రానికి చేరాలి. లోపల ఒక్క మాట చెప్తావా?”

పిలవకుండా ఒక్కరిని పంపినా పరీక్ష తప్పినట్టే.

“పిలిస్తేనే వెళ్ళాలి బాబాయ్. మీ ఒక్కరికి దారిస్తే అందరూ లేస్తారు.”

పన్నెండున్నరకు ఆయన లేచాడు.

“వెళ్ళొస్తానమ్మా. రేపు తిరుగు బండిలో వస్తానని డాక్టరుగారికి చెప్పు.”

ఆమె తల ఊపింది. చెప్పలేదు.

ఒంటిగంటకు జాబితా అయిపోయింది. గుమాస్తా చప్పట్లు కొట్టాడు.

అప్పుడే లోపలి నుంచి నర్సు పరుగున వచ్చింది.

“పేరు రాక ఎవరైనా తిరిగి వెళ్ళిపోయారా?”

అమ్మాయికి లారీ మనిషి గుర్తొచ్చాడు. అవునంటే ఉద్యోగం పోతుంది.

“లేదు సిస్టర్.”

నర్సు అలాగే వెనక్కి పరిగెత్తింది.

రెండింటికి ఆ తల్లి ఏడుపు హాలంతా వినపడింది.

అమ్మాయి ప్రోగ్రాం తెరిచింది.

పాత భాషలో వరుస లెక్క ఒకటితో మొదలు. కొత్త భాషలో సున్నాతో, అంటే మొదటి పేరు సంఖ్య సున్నా. ఆమె అలవాటు కొద్దీ ఒకటి అని రాసింది. అందుకే మొదటి పేరును వదిలేసి ప్రోగ్రాం రెండో పేరుతో మొదలుపెట్టింది.

నిన్న సరిచూసినప్పుడూ మొదటి పేరు వినపడలేదు. స్పీకరు తప్పనుకుని ఊరుకుంది.

జాబితా పట్టుకుని నర్సు దగ్గరకు వెళ్ళింది. మొదటి పేరు మీద వేలు పెట్టింది.

“ఈయన వచ్చారు సిస్టర్. నేనే... కూర్చోబెట్టాను.”

నర్సు ఆ పేరు చదివింది.

“ఆ పాపకి సరిపోయే రక్తం ఊరంతా వెతికితే ఈయన ఒక్కడికే ఉందమ్మా.”