నలభై మూడో మనిషి

"మోకాలి నొప్పి ఏ కాలికి?" అని అడిగింది కత్తెర.

రచయిత ముందున్న కప్పు పక్కకి జరిపాడు. టీ చల్లారిపోయింది.

"కుడికాలికి," అన్నాడు. "చంపబోయే మనిషికి ఏ కాలు నొప్పయితే ఏమిటండీ?"

"అడిగినదానికి చెప్పండి సార్. మెట్లెక్కగలడా?"

"ఎక్కలేడు. అందుకేగా బురుజు మీద పని మానేసి వంతెన కాపలాకి వచ్చాడు. మూడో భాగంలో రాశాను."

'ఎక్కలేడు' అని కత్తెర తన చిన్న పుస్తకంలో రాసుకుంది.

ఆమె అసలు పేరు ప్రచురణ సంస్థలో ఎవరికీ గుర్తులేదు. కత్తెర అంటే చాలు. రచయిత పేరు మాత్రం నలుగురి నోళ్ళలోనూ నానుతోంది. కోటలు, కత్తులు, మంత్రాలు, మంచు కొండలు నిండిన మహా యుద్ధగాథ ఆయనది. ఐదు భాగాలు వచ్చాయి, ఆరోది జరుగుతోంది. మొదటి పేజీలో నవ్విన మనిషి చివరి పేజీ దాకా ఉంటాడన్న పూచీ అందులో లేదు. "ప్రేమించినవాళ్ళని బతుకు వదిలిపెడుతుందా? నేనూ వదలను. కలం పట్టిన చెయ్యి వణక్కూడదు," అని ఆయన ప్రతి ఇంటర్వ్యూలోనూ గడ్డం నిమురుకుంటూ చెబుతాడు.

ఆ వణకని చెయ్యి కత్తెరది. రెండో భాగంలో చిన్న రాకుమారుణ్ణి చంపాల్సి వచ్చినప్పుడు ఈ మహానుభావుడు మూడు వారాలు మంచం దిగలేదు. గత్యంతరం లేక పబ్లిషర్, ప్రూఫులు దిద్దుకుంటున్న ఆమెను పంపాడు. ఒక్క పూటలో పని కానిచ్చేసింది. అప్పటినుంచి ఆ గాథలో ఎవరు పోవాలన్నా ఆమే రావాలి. ఇప్పటికి నలభై రెండు మందిని సాగనంపింది. పెంచి పెద్దచేసేది ఆయన, గొంతు కోసేది ఈమె, గుండెదిటవు గలవాడన్న బిరుదు మళ్ళీ ఆయనకే. కత్తెరకి ఆయనంటే చులకన. ఏడుస్తాడని కాదు. ఇంట్లో ఏడ్చి వీధిలోకి వెళ్ళి మీసం మెలేసేవాళ్ళంటే ఆమెకి ఒళ్ళు మంట.

"వంతెన తాతని వదిలేద్దామండీ," అన్నాడు రచయిత. "పాతికేళ్ళుగా నా బుర్రలో ఉన్నాడు. పాఠకులు కూడా ఆయన్ని ఏం చెయ్యొద్దని రాస్తున్నారు."

బల్ల మీద స్పీకర్‌లో పెట్టి ఉన్న ఫోన్‌లోంచి పబ్లిషర్ అందుకున్నాడు. "అందుకేగా పోవాలి. అక్కరలేనివాణ్ణి చంపితే ఎవడిక్కావాలి? అందరికీ ఇష్టమైనవాడు పోతేనే జనం ఆర్నెల్లు మన పుస్తకం గురించి మాట్లాడుకుంటారు."

"సంతాప సభకి కూడా టిక్కెట్లు అమ్మే రకం మీరు," అంది కత్తెర.

పబ్లిషర్ హాయిగా నవ్వి ఫోన్ పెట్టేశాడు. తిట్టినా నవ్వగలగడం ఆయన వృత్తిలో సగం.

"ఆయన మాట ఎలా ఉన్నా, బతుకు ఇంతే కదమ్మా," అన్నాడు రచయిత, తనకి తనే నచ్చజెప్పుకుంటున్నట్టు. "వాస్తవికత అనేది ఒకటుంది."

"బతుకులో మనుషులు జ్వరమొచ్చి పోతారు, జారిపడి పోతారు. మీ రాజ్యంలో ముప్పయ్యో అధ్యాయం వచ్చిందని పోతారు. దానికి వాస్తవమని పేరు పెట్టకండి." కత్తెర పేజీ తిప్పింది. "ఆయనకి నిద్ర ఎలా పడుతుంది?"

"నీళ్ళ చప్పుడు వినపడాలి. లేకపోతే తెల్లవార్లూ దొర్లుతూనే ఉంటాడు."

"గుర్రాల వైద్యురాలితో పడుతుందా?"

"ఆవిణ్ణి నాలుగో భాగంలో మీరే కదా..."

"పడుతుందా, పడదా?"

"పడుతుంది. మోకాలికి నూనె ఆవిడే కాచి ఇచ్చేది. ఆవిడ పోయాక ఇచ్చే దిక్కు లేకపోయింది."

కత్తెర అదీ రాసుకుంది. ఉరి తీసేముందు మెడ కొలిచే తలారిని చూసినట్టు రచయిత ఆమె పెన్ను వైపు చూశాడు. ప్రతిసారీ అలాగే చూస్తాడు. ఆమె పట్టించుకోదు.

"ఇక కుక్క," అంది.

రచయిత రెండు చేతులూ జోడించాడు. "దాన్నయినా వదిలెయ్యండి. మూడు కాళ్ళ కుక్క. నోరు లేని జీవం."

"తాత పోయాక ఆ వంతెన మీద ఒక్కటే కూర్చుని ఏం చేస్తుంది? అదీ పోవాలి."

"అసలు మీకు గుండె ఉందా?"

"మీకుందిగా సార్. ఆరు భాగాలకీ అదొక్కటి చాలు."

ఆమె పుస్తకం సంచీలో వేసుకుని లేచింది. తలుపు దాకా సాగనంపడం కూడా ఆయన వల్ల కాలేదు. తువ్వాలు మొహానికి అడ్డం పెట్టుకుని అక్కడే కూలబడ్డాడు.

కత్తెర ఇంటికొచ్చి, సంచీ భుజాన ఉండగానే టైపు చెయ్యడం మొదలుపెట్టింది. బాణం దెబ్బకి తాత వంతెన మీద ఒరిగిపోయాడు. కుక్క ఆయన చొక్కా అంచు వదల్లేదు. దానికీ ఒక బాణం. ఏడు పేజీలు, ఎక్కడా ఒక్క నిట్టూర్పు లేకుండా. ఆరింటికల్లా పంపేసింది. రెండు నిమిషాల్లో పబ్లిషర్ నుంచి 'అద్భుతం' అని జవాబొచ్చింది. ఆమె మొహం చిట్లించి దాన్ని తీసేసింది.

కంప్యూటర్ మూసిన చప్పుడుకి అక్క పక్క గదిలోంచి వచ్చింది. ఈ ప్రపంచంలో కత్తెర ఏం చేస్తుందో పూర్తిగా తెలిసిన మనిషి ఆవిడొక్కతే.

"ఇవాళ ఎవరే?"

"వంతెన తాత. కుక్క కూడా."

"అయ్యో. ఎక్కడ పెడుతున్నావు?"

"వాగు ఒడ్డున."

"పక్కన ఎవరున్నారు?"

"గుర్రాల వైద్యురాలు."

"మంచిదే," అంటూ అక్క గోడకున్న తెర పక్కకి లాగి, వెనక అతికించిన పెద్ద కాగితం అంచుల్ని అదిమి పట్టుకుంది. కాగితం మీద పెన్సిల్‌తో గీసిన ఒక ఊరు, అందులో నలభై రెండు ఇళ్ళు, ఒక్కో ఇంటి కింద పోయినవాళ్ళలో ఒకరి పేరు. కత్తెర పెన్సిల్ చెక్కుకుంది. చిన్న పుస్తకం తెరిచి, రాసుకున్నవన్నీ మరోసారి చదువుకుని, కాగితం ముందు మోకాళ్ళ మీద కూర్చుంది.

నలభై మూడో ఇంటికి ఆమె మెట్లు గీయలేదు.