రెండో నంబరు గొట్టం

రెండో నంబరు గొట్టంలో ఉలుకూ లేదు, పలుకూ లేదు.

కణాల సార్ కంప్యూటర్ తెరకు ముక్కు ఆనేంత దగ్గరగా జరిగి మళ్ళీ చూశారు. నిన్న పొద్దున రెండు గొట్టాల నెత్తురులో చచ్చిన బ్యాక్టీరియా తునకలు కలిపి, వెచ్చటి పెట్టెలో ఉంచారు. శత్రువు జాడ తగిలితే తెల్లకణాలు ఎంత ఎగిరిపడతాయో చూసి చెప్పడం ఆయన ఉద్యోగం. పాతికేళ్ళుగా అదే పని. ఆసుపత్రిలో ఆయన అసలు పేరు ఎప్పుడో మర్చిపోయారు.

ఒకటో నంబరులో కణాలు మాత్రం అగ్గిమీద గుగ్గిలంలా లేచాయి.

"చూశావా అమ్మాయ్, ఏం పౌరుషం! ఆరోగ్యమంటే ఇదీ," అన్నారు మురిసిపోతూ. కొడుక్కి ఫస్టు ర్యాంకు వచ్చినంత సంబరం ఆ మొహంలో.

టెక్నీషియన్ అమ్మాయి అటు చూడలేదు. "ఏసీ మళ్ళీ ఆపేశారా సార్? మెషిన్లు వేడెక్కిపోతాయి."

"ఈ గదిలో మెషిన్లతో పాటు మనుషులు కూడా ఏడిచారని ఎవరికైనా గుర్తుందా? చలికి కొయ్యబారిపోతున్నాను," అంటూ స్వెట్టర్ గుండీ పెట్టుకోబోయారు. మొన్న గాజుపలక పగిలి తెగిన వేలికి కట్టు ఉంది. గుండీ ఓ పట్టాన పట్టలేదు. విసుక్కుని వదిలేశారు.

ఐసీయూలో పదో మంచం మీద ఒక తాపీమేస్త్రీ ఉన్నాడు. కాలి పుండు చీము పట్టి, ఆ విషం ఒళ్ళంతా పాకి, వారం కిందట స్పృహ లేకుండా వచ్చాడు. అలాంటివాళ్ళలో తెల్లకణాలు మొదట వెర్రెత్తిపోయి శత్రువుతో పాటు సొంతింటినీ తగలబెడతాయి. తరవాత అలసిపోయి చేతులెత్తేస్తాయి. అప్పుడిక ఏ క్రిమి వచ్చినా అడ్డే ఉండదు.

అలా చేతులెత్తేసిన కణాల్ని లేపడానికి ఓ కొత్త సూదిమందు పరీక్షలో ఉంది. నిద్రపోయిన కణాల మీద పడితే ప్రాణం నిలవొచ్చు. మెలకువగా ఉన్నవాటి మీద పడితే ఆరిన మంట మళ్ళీ అంటుకుంటుంది, మనిషి దక్కడు. మేస్త్రీకి ఆ సూది వెయ్యాలా వద్దా అన్నది కణాల సార్ తేల్చాలి. ఐసీయూ డాక్టరమ్మ పొద్దుటి నుంచి రెండుసార్లు ఫోన్ చేసింది.

"పైకెళ్ళి ఓసారి మేస్త్రీని చూసొద్దామా సార్?" అంది అమ్మాయి.

"మనిషిని చూడ్డమెందుకు? మొహాలు అబద్ధాలాడతాయి. నెత్తురు ఆడదు. ఎవరి గొట్టమైనా నా ముందు పెట్టు, ఎన్నాళ్ళుంటాడో కూర్చున్నచోటి నుంచి కదలకుండా చెప్తాను."

ఈ మాట ఆయన దగ్గర పనిచేసిన వాళ్ళందరికీ కంఠతా వచ్చు.

ఇంతలో ల్యాబు రిపోర్టులిచ్చే కిటికీ దగ్గరికి మేస్త్రీ భార్య వచ్చి నిలబడింది. సార్ లేచి వెళ్ళారు.

"ఏదో కొత్త సూది వేస్తారంట గదండీ," అందావిడ. "మా ఆయన పొద్దున కళ్ళు తెరిచాడు సార్. దుప్పటి సరిగ్గా కప్పలేదని నన్ను తిట్టాడు కూడా."

తిట్టాడని చెప్తూ ఆవిడ నవ్వింది. సార్‌కి ఆ నవ్వు చూసి మనసు కలుక్కుమంది.

"ఈ జబ్బు అంతేనమ్మా. పైకి బాగానే ఉంటారు. మాట్లాడతారు, చిరాకు పడతారు, పక్కవాళ్ళ మీద అరుస్తారు. లోపల మాత్రం అంతా డొల్ల. ఎంత తొందరగా పట్టుకుంటే అంత మంచిది. భయపడకు, మేమున్నాం."

ఆవిడ ఆయన్ని ఎగాదిగా చూసి, "మీరు కూర్చోండి సార్, ఫర్వాలేదు," అంది.

ఎంత మర్యాద తెలిసిన మనిషో అనుకుంటూ వెనక్కొచ్చారు. పదడుగులకే ఆయాసమొచ్చింది. కుర్చీలో కూలబడి ఫోన్ అందుకున్నారు.

"సూది సిద్ధం చెయ్యమని చెప్పేస్తాను."

"కవరు విప్పకుండానా?" అమ్మాయి గొంతు పెంచింది.

ఆ ల్యాబులో ఒక పద్ధతి ఉంది. పోల్చి చూడటానికి రోగి నెత్తురు పక్కన ఆరోగ్యంగా ఉన్న మరొకరి నెత్తురు పెడతారు. వారానికొకరు చొప్పున ల్యాబువాళ్ళే దాన్ని ఇచ్చుకుంటారు. ఏ గొట్టం ఎవరిదో చదివేవాళ్ళకు తెలిస్తే కళ్ళు మోసం చేస్తాయని, పక్కగది నర్సు నంబర్లు మాత్రం వేసి, పేర్ల కాగితం కవర్లో పెట్టి అతికించేస్తుంది. చదవడం అయ్యాక, ఫోన్ చేసే ముందు, కవరు విప్పి తీరాలి. ఈ పద్ధతి పెట్టింది కణాల సారే. అది తప్పినందుకు ఇద్దరి ఉద్యోగాలు కూడా ఊడగొట్టారు.

"కళ్ళెదురుగా కనబడుతుంటే కవరెందుకమ్మా? నిద్రపోయినవి ఎవరివో చంటిపిల్లాణ్ణి అడిగినా చెప్తాడు."

"రూలు మీదే సార్."

"నా రూలు నాకే చెప్తున్నావా? సరే, విప్పి తగలెయ్యి. అవతల నిమిషాలు పోతున్నాయి." కట్టు వేలితో తెర మీద రెండో నంబరును తట్టారు. "రాసిపెట్టుకో. ఈ కణాలున్న మనిషికి ఇవాళే వైద్యం మొదలవకపోతే రెండురోజులు గడవటం కూడా కష్టం."

అమ్మాయి కవరు చింపింది. చదివింది. ఫోన్ ఆయన చేతిలోంచి మెల్లగా తీసుకుని, ఐసీయూ నంబరు తనే నొక్కి, కాగితం ఆయన ముందుకు జరిపింది.

ఒకటో నంబరు ఎదురుగా తాపీమేస్త్రీ పేరుంది; రెండో నంబరు ఎదురుగా 'ఆరోగ్యవంతుడు' అని ఉంది, దాని పక్కన కణాల సార్ పేరు ఉంది.